చీకటి పడని ఊళ్ళో రాజమల్లు కాక రాత్రి బువ్వ

2024 జూన్ నెల. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, నది పక్క వీధిలో ఒక చిన్న హోటల్ వంటగది. గోదావరిఖనిలో కర్రీ పాయింట్ నడుపుకునే నేను అక్కడ గరిటె పట్టుకుని ఎందుకు నిలబడ్డానంటే, మనవాళ్ళు ఏ దేశం పోయినా వెనకాల వంటమనిషి ఉండాల్సిందే. బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళు, వాళ్ళ భార్యలు కలిసి ఈ మధ్య గుంపులుగా విదేశాలు చూసి వస్తున్నారు. రాజుల కోట ఒకటి తగ్గినా సర్దుకుంటారు గానీ, మాపటికి పప్పుచారు లేకపోతే టూరు మేనేజర్ పని అయిపోయినట్టే. టూరు భాషలో మనుషులను ‘ప్యాక్స్’ అంటారు. నేను ప్యాక్స్‌కు వండిపెట్టే మనిషిని. హోటలువాళ్ళ వంటగదిని పూట లెక్కన అద్దెకు తీసుకుంటే దాన్ని ‘కిచెన్ హైర్’ అంటారు. పరాయివాళ్ళ పొయ్యి మీద మన కుండ పెట్టడమన్నమాట.

ఈ పనిలోకి నేను రిటైర్మెంట్ దావత్‌ల మీదుగా వచ్చాను. మా దగ్గర గని కార్మికుడు రిటైరైతే చిన్న పెళ్ళంత దావత్ జరుగుతుంది. అక్కడ వండి వండి పేరు తెచ్చుకున్నాను. సుగుణక్క పప్పుచారంటే మా చౌరస్తాలోనే కాదు, అవతలి కాలనీల్లోనూ తెలుసు. నా చేతి వంట ముందు పెడితే మొఖం తిప్పుకున్న మనిషి లేడు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ పేరు ఆ ఊళ్ళో గంగలో కలిసేదే.

రష్యా ఎట్లుందక్కా అని ఇప్పటికీ అడుగుతారు. కోటలూ బంగారు గుమ్మటాలూ ప్యాక్స్ చూశారు. నేను చూసింది కూరగాయల బజారు, ట్రాము, వంటగది, చివరి రోజు మెట్రో. వీటితో పాటు ఒక మనిషిని చూశాను. ఆమె పేరు గలీనా. ఆమె మీద నాకున్న కుళ్ళు ఇంకా తగ్గలేదు.

బజారు నుంచి మొదలుపెడతాను. అక్కడ అమ్మేవాళ్ళు నవ్వరు. మొదటి రోజు నా మీద ఏదో కోపం ఉందనుకున్నాను. తర్వాత తెలిసింది, ఊరికే నవ్వడం వాళ్ళకు అలవాటు లేదట. ఉల్లిగడ్డల దగ్గర నేను సైగలతో బేరం ఆడితే ఆ అమ్మినావిడ నేనేదో అనరాని మాట అన్నట్టు చూసింది. ధర పైసా తగ్గించలేదు. కానీ నేను సంచి సర్దుకుంటుంటే సోంపు ఆకులాంటి ఒక కట్ట తెచ్చి పైన పెట్టింది. అదీ కొసరు! కొసరు పెట్టే దేశమైతే మంచి దేశమే అనుకున్నాను. ఇంకో ముసలామె దోసకాయ ఊరగాయ ముక్క కోసి అరచేతిలో పెట్టి, తిన్నాకే కొనమంది. ఉప్పునీళ్ళలో వెల్లుల్లి వేసి ఊరబెట్టినది. కారం చుక్క లేదు, నూనె లేదు, అయినా బాగుంది. అదే నాకు నచ్చలేదు.

ట్రాములో పెట్టె నిండా జనం ఉన్నా చప్పుడుండదు. మా గుంపులోని ఓదెమ్మ ఫోన్లో బిడ్డతో మాట్లాడుతుంటే పెట్టె మొత్తం మా వైపు తిరిగింది. ఆమె గొంతు తగ్గించలేదు. రష్యా నుంచి ఖనికి మాట చేరాలంటే గట్టిగా మాట్లాడాలి కదా అన్నది.

ఇక గలీనా. ఆ వంటగదికి పెద్ద. యాభై దాటిన మనిషి, భుజాలు వెడల్పు. మా టూరు మేనేజర్ కిరణ్ ముందే చెప్పాడు, ఆమెను గలీనా పెత్రోవ్నా అని పిలవాలని. అక్కడ పెద్దవాళ్ళను పేరుతో పాటు తండ్రి పేరు కలిపి పిలవడం మర్యాదట. పెత్రోవ్నా అంటే ప్యోత్ర్ అనే ఆయన కూతురు అని. మా దగ్గర అక్కా అంటే అయిపోతుంది, ఈమెకు తండ్రిని కూడా పిలవాలా అని నేను ఉత్త గలీనా అనే అన్నాను.

అడుగుపెట్టిన రోజే మాకు పడలేదు. ఆమె నా చేతి గాజుల వైపు వేలు చూపించి తల అడ్డంగా ఊపింది. వంటగదిలో గాజులు, ఉంగరాలు, వాచీ ఏవీ పనికిరావట. మొగుడు ఇంటి దగ్గర సెకండ్ షిఫ్టు చేసుకుంటూ నిక్షేపంగా ఉండగా నేను గాజులు తీయడమేంది? తియ్యనని నిలబడ్డాను. ఆమె కూడా నిలబడింది. పొయ్యి మీద నీళ్ళు మరిగిపోతున్నాయి. చివరికి ఆమే లోపలికి పోయి పొడుగు చేతి తొడుగులు తెచ్చి నా మోచేతుల దాకా ఎక్కించింది. గాజులు లోపలే ఉన్నాయి, ఆమె రూలూ నిలబడింది. ఎవరు నెగ్గారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ వంటగదిని చూస్తే కడుపు మండిపోయింది. మాంసం కోయడానికొక రంగు పీట, కూరగాయలకొక రంగు పీట, రొట్టెకు ఇంకొకటి. ఒక పీట మీది కత్తి ఇంకో పీట మీదికి పోదు. వండిన ప్రతి గిన్నె మీదా ఎన్నింటికి వండారో రాసి అంటిస్తారు. కత్తులు ఎంత పదునంటే టమాటకు కత్తి తగిలింది కూడా తెలియదు. బయట వేసుకునే చెప్పులు గడప అవతలే. రాత్రి తొమ్మిదికి వంటగది మూయాలంటే తొమ్మిదికి మూసినట్టే, దేవుడొచ్చినా తెరవరు. అన్నిటికంటే నా కండ్లల్ల నిప్పులు పోసిన సంగతి ఇంకోటుంది. మధ్యాహ్నం పని ఆగగానే వంటవాళ్ళు, గిన్నెలు కడిగేవాళ్ళు అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చొని నిమ్మకాయ చాయ్ తాగుతూ తింటారు. నేను పెళ్ళైన నాటి నుంచీ నిలబడే తింటున్నాను. అందరూ తిన్నాక, పొయ్యి దగ్గర, గిన్నె చేతిలో పట్టుకొని.

ఇప్పుడు అసలు సంగతి. మా గుంపులో రాజమల్లు కాక అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఓదెమ్మ భర్త. బతుకంతా అండర్‌గ్రౌండ్‌లో పనిచేశాడు. నుదుటి మీద, ఎడమ కనుబొమ్మ పైన, నీలం రంగు గీత ఉంటుంది. బొగ్గు తగిలి తోలు చిట్లితే లోపల దుమ్ము ఉండిపోయి, గాయం మానాక అట్లా నీలంగా మిగిలిపోతుంది. మా దగ్గర ఇంటికొకరికి ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మాట తక్కువ మనిషి. షుగర్ ఉంది, రెండు పూటలా గోలీ వేసుకుంటాడు.

ఆ కాక రాత్రి భోజనం చేయడం లేదు. పొద్దున ఉప్మా తిన్నాడు, మధ్యాహ్నం అన్నం తిన్నాడు. రాత్రి మాత్రం పళ్ళెం ముట్టడు. హాల్లో కిటికీ పక్కన కూర్చొని నది వైపు చూస్తుంటాడు. మొదటి రోజు ప్రయాణం బడలిక అనుకున్నాను. రెండో రోజు చపాతీ, ఆలుగడ్డ కూర చేశాను. ముట్టలేదు. మూడో రోజు కోడికూర వండాను. అక్కడి బియ్యం గుండ్రంగా ఉండి అన్నం ముద్దవుతుంది, దాన్ని పొడిగా దించడానికి నేను పడ్డ తిప్పలు నాకే తెలుసు. పళ్ళెం తీసుకెళ్ళి స్వయంగా ముందు పెట్టాను.

“కాకా, ఏం జేసి పెట్టమంటవ్ జెప్పు. నీకు ఏది మనసైతె అదే జేస్త.”

“మంచిగనే ఉన్నది బిడ్డా. ఆకలైతలేదు, గంతే.”

బాగున్నదాన్ని ఎవరైనా వదిలేస్తారా? పక్క బల్లలవాళ్ళు నా వైపు, పళ్ళెం వైపు చూడడం మొదలుపెట్టారు. ఒకామె, సుగుణక్క చేతికి ఈ దేశం నీళ్ళు పడలేదేమో అని కూడా అన్నది. నాకు తల కొట్టేసినట్టయింది. లోపలికి వచ్చి గిన్నెలు గట్టిగా పడేస్తుంటే గలీనా ఒకసారి తిరిగి చూసి, తన పని తను చేసుకుంది.

ఆ మర్నాడు పొద్దున కాకకు కండ్లు తిరిగాయి. రాత్రి గోలీ వేసుకున్నాడు గానీ కడుపులో మెతుకు లేదు. చెమటలు పట్టి మెట్ల మీద కూలబడ్డాడు. చక్కెర నీళ్ళు తాగించి లేపారు. కిరణ్‌కు ప్రాణం పోయినంత పనైంది. మంచి పిల్లాడే, కానీ ఏదైనా జరిగితే మాట పడేది అతనే కదా. వంటగది తలుపు దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు.

“అక్కా, ఇయ్యాల రాత్రి గూడ తినకపోతే వాళ్ళిద్దరిని రేపు ఢిల్లీ విమానం ఎక్కిస్త. నాకు వేరే తొవ్వ లేదు.”

ఓదెమ్మ ఏడ్వలేదు, అరవలేదు. నా పక్కన ఒక పీట లాక్కుని కూర్చొని చిక్కుడుకాయలు తుంచింది. ఆమె ఈ టూరుకు వచ్చింది కోటల కోసం కాదు. ఆ ఊళ్ళో మెట్రో రైలు భూమి కింద చాలా లోతులో నడుస్తుంది. దాన్ని చివరి రోజుకు పెట్టారు. కాక బతుకంతా రోజూ భూమి కిందికి దిగాడు, ఆమె రోజూ పైన ఎదురుచూసింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళను గనిలోకి దిగనిచ్చేవాళ్ళు కాదు. ఆయనతో కలిసి ఒక్కసారి కిందికి దిగి చూడాలని ఆమె కోరిక. ఇంట్లో రాత్రిపూట బాగానే తింటాడా అని అడిగాను.

“పొద్దు గూకినంక కడుపు నిండ తింటడు. గానీ అందరు గంతే గద, సుగుణా?” అన్నది.

ఆ మాట నా చెవిలో పడింది, బుర్రలోకి మాత్రం పోలేదు. నా ధ్యాసంతా ఏం వండాలన్న దాని మీదే ఉంది. ఆ సాయంత్రం కాకకు ఇష్టమని ఓదెమ్మ చెప్పిన పచ్చిపులుసు చేశాను, ముద్దపప్పు చేశాను. ఇంటి నుంచి తెచ్చిన మామిడికాయ తొక్కు పెట్టాను. హాలంతా కమ్మటి వాసన. ఎనిమిది దాటినా కిటికీల్లోంచి ఎండ బల్లల మీద పడుతూనే ఉంది. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. కాక కిటికీ పక్కనే కూర్చొని, నది వైపు చూస్తూ ఉన్నాడు. పళ్ళెం అట్లాగే ఉంది. కిరణ్ ఫోన్ తీసి విమానాలు వెతకడం మొదలుపెట్టాడు.

అప్పుడు గలీనా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నేరుగా కాక బల్ల దగ్గరికి పోయి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చుంది! వడ్డించేటప్పుడు ప్యాక్స్ ముందు నేను ఏనాడూ కూర్చోలేదు. తన నుదుటి మీద వేలు పెట్టుకొని, తర్వాత కాక నుదుటి మీది నీలం గీతను చూపించి ఏదో అడిగింది. జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. ఆమె రష్యన్‌లో మాట్లాడితే అది తెలుగులో చెప్తుంది. వార్తలు చదివే గొంతుతో ఆ ఫోన్, “మీరు గని కార్మికులా?” అన్నది.

కాక తలూపాడు. ఆమె మళ్ళీ అడిగింది. ఫోన్ చెప్పింది: “మీరు ఇంటి వద్ద ఏ సమయంలో భోజనం చేస్తారు?”

ఏం తింటావని మేమందరం మూడు రోజులుగా ప్రాణం తీశాం. ఎప్పుడు తింటావని ఒక్కరం అడగలేదు. కాక ఫోన్ వైపు వంగాడు. గుంపులో చెప్పడానికి సిగ్గుపడ్డ మాట ఆ పరాయి మనిషికి చెప్పాడు.

“పొద్దు గూకనియ్యి బిడ్డా. ఎండ కొడుతుంటె రాత్రి బువ్వ ఎట్ల తింట? గూకినంక తిందామని సూస్తె, ఎంతసేపున్నా మునిమాపే ఉంటున్నది. మునిమాపుల మెతుకు ముట్టద్దని మా అవ్వ జెప్పింది. చీకటైతలేదు, నేనేం జెయ్యాలె?”

మునిమాపంటే పొద్దు గూకీ గూకని వేళ. ఆ వేళ తినకూడదు, పడుకోకూడదు అని మా ఇళ్ళల్లో పెద్దలు చెప్తారు. ఆ ఊళ్ళో జూన్‌లో పది దాటాక గానీ సూర్యుడు దిగడు, దిగినా చీకటి పడదు. రాత్రంతా మునిమాపే. కాక కిటికీలోంచి చూసింది నదిని కాదు, చీకటి కోసం ఎదురుచూశాడు. అది పడేలోపు వంటగది మూసేస్తారు. ఎవరికైనా చెప్తే, రష్యాకొచ్చి కూడా అవ్వ మాటేనా అని నవ్వుతారని ఊరుకున్నాడు.

కాక మాట ఫోన్‌కు అర్థం కాలేదు. ఏదో పిచ్చి కూత కూసింది. చచ్చినట్టు నేనే పోయి, బడిలో పాఠం చెప్పినట్టు, “చీకటి పడిన తరువాతనే ఈయన భోజనం చేస్తారు” అని దాని ముందు చెప్పాల్సి వచ్చింది. నా కాకను ఆమెకు నేను అర్థం చేయించడం! లోపల కుతకుతలాడుతూనే చెప్పాను.

గలీనా నవ్వలేదు. లేచి, నేను వండిన పళ్ళెం తీసుకుని లోపలికి పోయి పప్పు వేడి చేసింది. కాకను రమ్మని చెయ్యి ఊపింది. వంటగది వెనక తలుపు తీస్తే కిందికి మెట్లున్నాయి. ఆలుగడ్డలు, క్యారెట్లు, ఊరగాయ సీసాలు దాచుకునే నేలమాళిగ. కిటికీ లేదు. ఒక చిన్న బల్బు వేసి పైన తలుపు దగ్గరికి వేసింది. చల్లగా ఉంది, తడి మట్టి వాసన వస్తోంది. కాక మూడో మెట్టు మీద ఆగి గట్టిగా ఊపిరి పీల్చాడు.

“గిది బాయే,” అన్నాడు. మా దగ్గర గనిని బాయి అంటారు.

“పొద్దు గూకిందా కాకా?” అని పైనుంచి అడిగాను.

“బాయిల ఎప్పటికి గూకే ఉంటది బిడ్డా. షిఫ్టుల గిట్లనే తినేటోళ్ళం.”

కూరగాయల డబ్బా బోర్లా వేసి దాని మీద కూర్చున్నాడు. ఓదెమ్మ పక్కన నిలబడి కొంగుతో మొఖం తుడుచుకుంది. కాక పప్పు కలుపుకున్నాడు, పచ్చిపులుసు పోసుకున్నాడు, పళ్ళెం ఖాళీ చేశాడు. గలీనా ఇంకో డబ్బా మీద కూర్చొని నల్లరొట్టె తింటూ మాట్లాడింది. ఫోన్ చెప్పినదాన్ని బట్టి, ఆమె పుట్టింది సైబీరియాలో ఒక బొగ్గు గనుల ఊళ్ళో. ఆ ప్యోత్ర్, ఆమె తండ్రి, గని కార్మికుడే. ఆయన నుదుటి మీదా అట్లాంటి నీలం గీతే ఉండేదట. కాక తొక్కు కొంచెం ఆమె రొట్టె మీద పెట్టాడు. కండ్లల్లో నీళ్ళు తిరిగినా వదల్లేదు, తిన్నది. ఆమె దోసకాయ ఊరగాయ ఇచ్చింది. కాక నమిలి, మస్తుందన్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? వాళ్ళిద్దరూ ఎన్నాళ్ళనుంచో ఒకే షిఫ్టు చేసినట్టు కూర్చున్నారు. మూడో డబ్బా లేదు. నేను మెట్ల మీదే నిలబడ్డాను.

తర్వాతి రాత్రుళ్ళు కూడా కాక అక్కడే తిన్నాడు. చివరి రోజు మెట్రోకు పోయాం. కదిలే మెట్లు కిందికి పోతూనే ఉన్నాయి, అడుగు కనిపించడం లేదు. ఓదెమ్మ కాక చెయ్యి పట్టుకుంది. నేను వాళ్ళ వెనక మెట్టు మీద ఉన్నాను.

“ఇన్నేండ్లు గింత లోతు దిగినవా?” అని అడిగింది.

“దిగిన. గానీ గిన్ని లైట్లు లేకుండె,” అన్నాడు కాక.

కింద పాలరాతి స్తంభాలు, దీపాల గుత్తులు ఉన్నాయి, జనం ఫొటోలు తీసుకుంటున్నారు. ఓదెమ్మ వాటి వైపు చూడకుండా, దిగి వచ్చిన దారి వైపే తలెత్తి చాలాసేపు చూసింది.

ఖనికి తిరిగి వచ్చాక కాక ఊరంతా గలీనా పేరే చెప్పాడు. నా కర్రీ పాయింట్ ముందు నిలబడి, నా గిరాకీలకే, రష్యాల గలీనా అని ఒక బిడ్డ పెట్టిన బువ్వ జన్మల మరువనని చెప్తాడు. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను.

“కాకా, అది నేను వండిన బువ్వ.”

“నువ్వే వండినవ్ బిడ్డా, కాదంటలేను. గానీ, పెట్టింది ఆమె.”

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. వారం రోజులు ఆయనకు పచ్చిపులుసు పొయ్యలేదు. తర్వాత మనసొప్పక పోశాను.

ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఏం వండాలన్నదే. ఎప్పుడు తింటారన్నది అడిగి తెలుసుకోవాలని ఆ నేలమాళిగ మెట్ల మీద తెలిసింది. ఆకలికి కూడా ఒక వేళ ఉంటుంది, అది మనిషి తనతో పాటు తెచ్చుకుంటాడు, ఊరు మారినా మారదు. ఇప్పుడు ప్రతి టూరుకు ముందు వచ్చేవాళ్ళందరికీ నేనే ఫోన్ చేస్తాను. కారం ఎంత, ఉప్పు ఎంత అని తర్వాత అడుగుతాను. ముందు, ఇంటి దగ్గర ఎన్నింటికి తింటరు, ఎవరితో కూసోని తింటరు అని అడుగుతాను. మొన్న శ్రీరాంపూర్ నుంచి వచ్చే ఒక పెద్దావిడను కూడా అదే అడిగాను.

“నన్ను గిట్ల ఎవ్వరు అడుగలే బిడ్డా. ఇది యాడ నేర్సుకున్నవ్?” అన్నది.

“యాడ నేర్సుకునుడు లేదవ్వా, నా సొంతమే,” అన్నాను.

గలీనా పేరు చెప్పలేదు. ఆమె పేరు చెప్పడానికి ఈ ఊళ్ళో రాజమల్లు కాక ఉన్నాడు కదా.